హక్కుల పత్రానికి సమానత్వ అంచనా: ఫిర్యాదు పేరా దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నల్గొండ జిల్లాలో మీ సంస్థ ఒక వృద్ధాశ్రమం నడుపుతోంది. దేవరకొండ, మర్రిగూడ వైపు కొన్ని ఊళ్లలో మంచం పట్టినవాళ్లకు, వికలాంగులకు ఇంటికే ఆయాలను పంపుతోంది. సేవలు తీసుకునేవాళ్ల కోసం 14 అంశాల హక్కుల పత్రం రాసుకున్నారు. డబ్బులిచ్చే సంస్థ దానికి 'సమానత్వ ప్రభావ అంచనా' (ఆ పత్రంవల్ల ఏ వర్గంవాళ్లకు నష్టం జరగవచ్చో చూసి రాసే కాగితం) జతచేయమని బ్రిటన్‌లో వాడే ఫారం పంపింది. అందులో తొమ్మిది గడులున్నాయి. తొమ్మిదింటిలోనూ మీరు 'ప్రతికూల ప్రభావం లేదు, అందరికీ సమాన హక్కులే' అని రాశారు. ఇది సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

సరిపోదు. అయితే టెన్షన్ పడకండి, మొదటిసారి ఇలాంటి ఫారం నా చేతికి వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇదే రాశాను. హక్కులిచ్చే కాగితం కదా, దానివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను. ఏడాది తర్వాత అదే ఆశ్రమానికి వెళ్తే (ఏదో చెప్పను, ఇప్పుడు బాగానే నడుస్తోంది) ఒక పెద్దవ్వ గోడవైపు చూపించి, "బిడ్డా, ఆ అతికిచ్చిన కాయితం మాకోసమా? ఆఫీసర్లొస్తే సూపియ్యనీకె అనుకున్న" అంది. ఆమెకు చదువు రాదు. ఆ కాగితం గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను మాత్రం 'వయసు' గడిలో 'ప్రభావం లేదు' అని సంతకం పెట్టి ఉన్నాను.

2006 తర్వాత ఉపాధి హామీ సామాజిక తనిఖీలతో మొదలుపెట్టి పింఛన్లు, వృద్ధాశ్రమాల దాకా ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో తిరిగినదాన్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను: హక్కుల పత్రంలో మాట అందరికీ ఒకటే ఉంటుంది. ఆ మాటను ఎవరు చదవగలరు, ఎవరి ముందు నోరు విప్పగలరు, విప్పిన మర్నాడు వాళ్ల పళ్లెంలో కూర ఎంత పడుతుంది, తేడా అంతా అక్కడుంటుంది. అందుకే పీఠికను, 'గౌరవంగా చూడబడే హక్కు'ను పక్కన పెట్టి, ముందు ఫిర్యాదు గురించి రాసిన పేరా తీయండి. మీ 14 అంశాల్లో అది బహుశా పదమూడోదో పద్నాలుగోదో అయి ఉంటుంది. ఎవరు రాసినా దాన్ని చివర్లోనే పడేస్తారు.

ముందు ఆ ఫారం కథ కొంచెం తెలుసుకోండి, ఎక్కడ మార్చాలో అర్థమవుతుంది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఏ పని చేసినా మూడు సంగతులు పట్టించుకోవాలి: వివక్షను తొలగించడం, అవకాశాల్లో సమానత్వం పెంచడం, వేర్వేరు వర్గాల మధ్య మంచి సంబంధాలు పెంచడం. ఆ చట్టం గుర్తించిన లక్షణాలు తొమ్మిది. వయసు, వైకల్యం, లింగమార్పిడి, వివాహం లేదా పౌర భాగస్వామ్యం, గర్భం-ప్రసూతి, జాతి, మతం లేదా విశ్వాసం, లింగం, లైంగిక ధోరణి. మీ ఫారంలో తొమ్మిది గడులు అక్కడినుంచి వచ్చినవే. అంతకుముందున్న వికలాంగుల చట్టం కింద 2008లో వచ్చిన బ్రౌన్ కేసులో అక్కడి కోర్టు ఒక మాట గట్టిగా చెప్పింది. ఈ పట్టింపు నిర్ణయానికి ముందు, నిర్ణయం తీసుకునే వేళ, తెరిచిన మనసుతో ఉండాలి, గడుల్లో టిక్కులు పెట్టి ముగించేది కాదు అని. మీ కమిటీ పత్రాన్ని ఇప్పటికే ఆమోదించేసి ఉంటే, ఇప్పుడు రాసే అంచనా ఆ కోర్టు లెక్కలో అంచనా కిందికే రాదు.

ఇంకొకటి. ఆ తొమ్మిదిలో కులం లేదు. 2013లో అక్కడి పార్లమెంటు కులాన్ని కూడా జాతి కిందికి చేర్చాలని చట్టంలో రాసింది. 2018లో ప్రభుత్వం ఆ పని చేయబోమని చెప్పేసింది. వాళ్ల గొడవ వాళ్లది. కానీ కులం గడి లేని ఫారంతో నల్గొండ జిల్లాలో సమానత్వం చూడటమంటే కుంచం లేకుండా వడ్లు కొలవడమే. స్కాట్లాండ్‌లో 2018 నుంచి పేదరికంవల్ల వచ్చే తేడాలను కూడా పెద్ద నిర్ణయాల్లో చూడాలన్న బాధ్యత అమల్లో ఉంది, ఇంగ్లండ్‌లో దాన్ని అమల్లోకి తేలేదు. అంటే ఆ గడులు వాళ్ల దగ్గరే ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. మనం మార్చుకుంటే తప్పేమీ లేదు. తొమ్మిదీ అలాగే ఉంచి కింద నాలుగు కలపండి: కులం-తెగ, చదువు, భాష, వలస. డబ్బులిచ్చేవాళ్లు అభ్యంతరం చెప్పరు. నాకు తెలిసి ఎక్కువసార్లు సంతోషపడతారు.

మన చట్టంలో ఇలాంటి అంచనా అన్నిటికీ వేసి తీరాలని ఎక్కడా లేదు. దగ్గరగా వచ్చేది 2016 వికలాంగుల హక్కుల చట్టం 48వ సెక్షన్. వికలాంగులకు సంబంధించిన సాధారణ పథకాలు, కార్యక్రమాలు వాళ్లకు కీడు చేయకుండా చూడటానికి ప్రభుత్వం సామాజిక తనిఖీ చేయించాలని అందులో ఉంది. మీది ప్రభుత్వ సంస్థ కాదు. కానీ ఆ పద్ధతి మన ఊళ్లకు కొత్తది కాదు. ఇంటింటికీ పోవడం, రికార్డులో రాసింది చదివి వినిపించడం, 'ఇది నిజమేనా' అని అడగడం, చివరికి గ్రామసభలో అందరి ముందు పెట్టడం. మీ అంచనాకు ఆ నడకే వాడండి. పత్రం మీ బల్ల మీద ఉన్నంతసేపూ అన్ని గడులూ ఖాళీగానే కనిపిస్తాయి.

ఇప్పుడు ఫిర్యాదు పేరా. మీరు పంపలేదు కానీ ఇలాంటివి చాలా చూశాను, దాదాపు ఇలా ఉంటుంది: 'సేవలపై అసంతృప్తి ఉంటే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. 7 పనిదినాల్లో సమాధానం ఇస్తాం. తృప్తి లేకపోతే జిల్లా సంక్షేమాధికారిని లేదా ప్రజావాణిని ఆశ్రయించవచ్చు.' చదవడానికి ఎంత న్యాయంగా ఉంది! ఈ మూడు వాక్యాలను పట్టుకుని ఇద్దరు మనుషులతో కలిసి నడవండి.

ఒకరు చందంపేట వైపు తండాలో ఉండే ముసలమ్మ. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో కట్టడం పనుల్లో ఉన్నారు, పండక్కి వస్తారు. మీ ఆయా వారానికి మూడుసార్లు రావాలి, ఒకసారే వస్తోంది. ఈ అవ్వ ఫిర్యాదు రాయాలి. చదువు రాదు. 2011 జనాభా లెక్కల్లో పక్కనే ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గరే ఆగింది, ఆడవాళ్లలో సగం కూడా లేదు. దేవరకొండ డివిజన్ తండాల్లో ఆ వయసు ఆడవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. సరే, తెలుగులో ఎవరితోనైనా రాయిద్దాం. ఎవరితో? ఊళ్లో రాయగలిగింది ఆ ఆయా చెల్లెలే కావచ్చు. పోనీ పత్రాన్ని లంబాడీలోకి మార్చి అచ్చువేద్దామంటే, ఆ మాటకు వాడుకలో సొంత లిపి లేదు. తెలుగు అక్షరాల్లో వేస్తే చదువుకున్న మనవడికి తప్ప ఆమెకు పనికిరాదు. ఇక ప్రజావాణి. సోమవారం అర్జీలు తీసుకునేది నల్గొండ కలెక్టరేట్‌లో. దేవరకొండ మీదుగా బస్సు మారి పోవాలి. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేదు, నిజమే, 2023 డిసెంబరు నుంచి ఉచితం. కానీ బస్టాండు దాకా ఎవరు తీసుకుపోతారు? మంచం దిగలేదనే కదా మీరు ఆయాను పంపింది.

రెండోవారు మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్‌తో నడుం వంగిపోయిన పెద్దాయన. బయటి జిల్లాలవాళ్లు చదివితే వాళ్లకోసం ఒక మాట. తాగునీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లు తరాలపాటు తాగారు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అని పేరు పడి, మన జిల్లా పేరు ప్రపంచమంతా నీటి శుద్ధి పుస్తకాల్లోకి ఎక్కింది. అదొక గొప్పగా చెప్పుకునే రకం కీర్తి కాదనుకోండి. తర్వాత భగీరథ నీళ్లు వచ్చాయి. కానీ అంతకుముందు పెరిగిన ఎముకలు తిరిగి నిటారు కావు. ఈ పెద్దాయన మెడ పైకెత్తలేడు. మీ హక్కుల పత్రం పంచాయతీ ఆఫీసు గోడకు ఆరడుగుల ఎత్తున ఉంటే ఆయనకు కనపడేది దాని కింద ఉన్న ఎర్రమట్టి చారే. బస్సు మొదటి మెట్టు ఎక్కలేడు.

ఆయన విషయంలో ఇంకో చిక్కుంది, ఇది చాలా పత్రాల్లో చూశాను. 'నిర్వచనాలు' అనే చోట 'వికలాంగుడు అంటే 40 శాతం లేదా ఆపైన సదరం సర్టిఫికెట్ ఉన్నవారు' అని రాసేస్తారు. 2016 చట్టంలో రెండు వేర్వేరు నిర్వచనాలున్నాయి. దీర్ఘకాలిక లోపంవల్ల, ఎదురయ్యే అడ్డంకులవల్ల సమాజంలో అందరిలా పాల్గొనలేని ప్రతి ఒక్కరూ వికలాంగులే. 40 శాతం అనేది రిజర్వేషన్ల వంటి కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకు పెట్టిన గీత మాత్రమే. వివక్ష లేకుండా ఉండే హక్కుకు 40 శాతం అక్కర్లేదు. కీళ్లు పట్టేసి 30 శాతం దగ్గర ఆగిన మనిషిని మీ పత్రం బయటే నిలబెట్టేస్తుంది. ఆ ఒక్క వాక్యం తీసేస్తే మీ అంచనాలో సగం పని అయినట్టే.

ఇద్దరితో నడిచాక మూడో ప్రశ్న. ఫిర్యాదు ఎవరి చేతికి పోతుంది? ఒక ఆశ్రమంలో ఫిర్యాదుల పెట్టె వార్డెన్ గది తలుపు పక్కనే తగిలించారు, దాని ఎదురుగా సీసీ కెమెరా. నెలల తరబడి ఒక్క చీటీ పడలేదు. ఏడాది నివేదికలో 'ఫిర్యాదులు సున్నా, అందరూ సంతృప్తి' అని వేసుకున్నారు. నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం ఆడవాళ్లు వరండాలో చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని నేనూ తీశాను. గంటలో తెలిసింది, రాత్రి ఎనిమిది తర్వాత మరుగుదొడ్డికి తీసుకెళ్లేవాళ్లు లేరని, అందుకని కొందరు సాయంత్రం నాలుగు తర్వాత నీళ్లు తాగడం మానేశారని. మగవాళ్ల వార్డులో ఈ ఇబ్బంది ఇంత లేదు, వాళ్ల మరుగుదొడ్డి వార్డుకు ఆనుకునే ఉంది. పత్రంలో 'పరిశుభ్రమైన మరుగుదొడ్డి పొందే హక్కు' ఆడా మగా ఇద్దరికీ ఒకే వాక్యంలో ఉంది. ఫారంలో 'లింగం' గడి ఎలా నింపాలో ఆ వరండాలో తెలిసింది.

కాబట్టి ఆ పేరాను ఇలా మార్చమని నా సలహా. నోటితో చెప్పినా ఫిర్యాదే. ఆయా మీద ఫిర్యాదును ఆయా పైఅధికారి కాకుండా, జీతం మీ సంస్థ నుంచి రాని మనిషి తీసుకోవాలి, నెలకోసారి ఆయనో ఆమో ఇళ్లకు వెళ్లాలి. పత్రం మొత్తం కాదు, ముఖ్యమైన ఐదారు విషయాలు తండా ఆడమనిషి గొంతుతో లంబాడీలో మూడు నిమిషాల ఆడియో చేసి, ఇంటికి మొదటిసారి పోయినప్పుడు వినిపించాలి. నల్గొండ పట్టణంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లుంటే వాళ్లకూ ఒకటి. వృద్ధుల సాయం కోసం ఉన్న 14567 ఎల్డర్‌లైన్ నంబరు పెద్ద అక్షరాల్లో, మంచం మీది మనిషి కళ్లకు అందే ఎత్తులో. వినపడనివాళ్లకు ఫోన్ నంబరు పనికిరాదు, వాళ్ల పేర్లు వేరే రాసుకుని ఎవరు పలకరిస్తారో పక్కన రాయండి. కొందరికి ఇలా ఎక్కువ చేయడం సమానత్వానికి విరుద్ధం కాదా అని మీ కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. బ్రిటన్ చట్టంలోనే ఆ సెక్షన్ కింద, ఈ బాధ్యత తీర్చడానికి కొందరిని ఎక్కువ అనుకూలంగా చూడాల్సి రావచ్చని ఉంది. మన 2016 చట్టంలో సముచిత సర్దుబాటు అన్నా అదే.

ఇక నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చిన అంశం. 'నాకు నచ్చిన సిబ్బందిని ఎంచుకునే హక్కు.' మీ పత్రంలోనూ ఉండే ఉంటుంది, విదేశీ నమూనాల్లో ఇది అందంగా ఉంటుంది, అందరూ ఎత్తి రాసుకుంటారు. ఒంటి మీద బట్ట తీసి స్నానం చేయించే పనికి ఆడమనిషే కావాలని ఒక అవ్వ అడగడం ఈ హక్కు అసలు ఉద్దేశం. కానీ మన ఊళ్లలో దీన్ని మొదట వాడుకునేది ఎవరో తెలుసా? "ఆ పిల్ల మా ఇంట్లకు రావద్దు, వేరేటామెను పంపుండ్రి" అనే ఇల్లు. నేను చూసిన ఆయాల్లో ఎక్కువమంది మాదిగ, మాల కుటుంబాల ఆడవాళ్లు. ఆ ఇంటి గడప దాటనివ్వరు, దాటనిచ్చినా వంటగదిలోకి రానివ్వరు, వేరే గ్లాసు పెడతారు. సంస్థ ఏం చేస్తుంది? గొడవ ఎందుకని మెల్లగా ఇంకొకరిని పంపేస్తుంది. ఆ ఆయాకు ఇళ్లు తగ్గుతాయి, ఇళ్లు తగ్గితే జీతం తగ్గుతుంది. హక్కుల పత్రం అంటరానితనానికి దరఖాస్తు ఫారం అయిపోతుంది. సమానత్వ అంచనా చేసే మనిషి పట్టుకోవాల్సింది సరిగ్గా ఇలాంటి వాక్యాన్ని. సేవలు పొందేవాళ్ల మీద ప్రభావం చూసి ఆగిపోతే ఇది కనపడదు, సేవ చేసేవాళ్లనూ లెక్కలో వేసుకోవాలి.

వాక్యం ఇలా మార్చండి: 'స్నానం, బట్టలు, మలమూత్రాల వంటి పనులకు ఆడవాళ్లు కావాలో మగవాళ్లు కావాలో మీరు చెప్పవచ్చు. అనుచితంగా ప్రవర్తించిన సిబ్బందిని మార్చమని అడగవచ్చు. కులం, మతం చూసి ఎవరినీ వద్దనే హక్కు ఇందులో లేదు.' అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది, మీరు కొత్తగా కనిపెట్టే నియమం కాదు, గట్టిగానే రాయండి.

అయినా మంచంలో ఉన్న మనిషి నోరు మూసుకుని తిననంటే? ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు. సేవ ఆపకూడదంటాను. ఆమె పుండ్లు పడి పోతే మన నియమం గెలిచిందని చెప్పుకోలేం. కానీ చప్పుడు చేయకుండా మనిషిని మార్చనూ కూడదు. సూపర్‌వైజర్ మొదటి రెండు వారాలు అదే ఆయాతో కలిసి పోవాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి, జరిగింది రిజిస్టర్లో రాయాలి, ఆయాకు ఒక్క రోజు జీతం కూడా తగ్గకూడదు. కొన్ని ఇళ్లు దారికొస్తాయి, కొన్ని రావు. రాని ఇంటి సంగతి కమిటీ ముందు పెట్టాలి తప్ప సూపర్‌వైజర్ ఒక్కరి మీద వదిలేయకూడదు. కులం పేరుతో తిట్టినా, అవమానించినా 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉందని, కేసు పెట్టుకునే స్వేచ్ఛ ఆయాదేనని, సంస్థ అడ్డుపడదని ఆమెకు ముందే చెప్పాలి.

'నిర్ణయాల్లో కుటుంబ సభ్యుల భాగస్వామ్యం' అన్న అంశం కూడా ఇలాంటిదే. కుటుంబం అంటే ప్రేమ అనుకుని రాస్తాం. ఆసరా పింఛను సంగతే చూడండి. వృద్ధాప్య పింఛను ఇంటికి ఒక్కరికే అన్నది మొదటినుంచీ ఉన్న నియమం. 2019 నుంచి ముసలివాళ్లకు 2,016 రూపాయలు, 2023 నుంచి వికలాంగులకు 4,016. ఆ డబ్బు ఎవరి చేతిలో పడుతుందో, ఎవరి చేతిలో ఆగుతుందో ఇంటికి పోతేనే తెలుస్తుంది. అవ్వ మందులు మానేసిందంటే కొడుకు సంతకంతో 'రోగి నిరాకరించారు' అని మీ ఫైల్లో ఉంటుంది. అందుకని 'మీరు ఎవరిని చెబితే వాళ్లనే సంప్రదిస్తాం, ఎవరూ వద్దంటే వద్దు' అని రాయండి. కొడుకే ఇబ్బంది పెడుతుంటే 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ స్థాయి అధికారి నడిపే ట్రిబ్యునల్ ఉంది. అక్కడ లాయర్లు అక్కర్లేదు. ఆమె అర్జీ పెట్టలేని స్థితిలో ఉంటే ఆమె అనుమతితో ఒక సంస్థ కూడా పెట్టవచ్చు. అంటే మీరే పెట్టవచ్చు. ఈ మాట హక్కుల పత్రంలో ఎక్కడా చూడలేదు నేను. ఊళ్లో మాట పోతుందని సంస్థలకు భయం. మీరైనా రాయండి.

దరఖాస్తు ఫారం కూడా హక్కుల పత్రంలో భాగమే అనుకోండి. నారాయణపేట వైపు ఒక పనిలో ఉన్నప్పుడు వయసు మళ్లిన ఒక జోగిని 'భర్త లేదా తండ్రి పేరు' గడి దగ్గర ఆగిపోయింది. ఆడపిల్లలను దేవుడికి వదలడాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. అంతకుముందు వదిలినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. ఫారం నింపే అబ్బాయి ఏం రాయమంటారని పదిమంది ముందు గట్టిగా అడిగాడు. ఆమె లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఆ గడి తీసేయడానికి మాకు పైసా ఖర్చు కాలేదు. అంతకుముందే తీసేయాలని ఎవరికీ తట్టలేదు, నాకు కూడా.

మిగతా గడులు త్వరగా చెబుతాను. మతం: రంజాన్ నెలలో తెల్లవారకముందు అన్నం కావాలంటే వంటమనిషి లేస్తుందా, గుడ్డు పెట్టొద్దని దాత షరతు పెడితే గుడ్డు తినేవాళ్ల సంగతేంటి, ఇవి రెండు చూస్తే చాలు. గర్భం-ప్రసూతి గడి వృద్ధాశ్రమానికి వర్తించదని కొట్టేయకండి. మీ ఆయాల్లో చిన్న వయసువాళ్లుంటారు, నిండు నెలల్లో మంచం మీది మనిషిని లేపి కూర్చోబెట్టే పని ఎవరిదో చూడండి. ట్రాన్స్‌జెండర్ మనిషి ఆశ్రమానికి వస్తే ఏ వార్డు? తన లింగం ఏదో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని 2014లో సుప్రీంకోర్టు నల్సా కేసులో చెప్పింది. కాబట్టి ఆ మనిషినే అడగాలి, వాళ్లు వచ్చాక కాదు, ఇప్పుడే నియమం రాసి పెట్టుకోవాలి. లైంగిక ధోరణి గురించి మీ దగ్గర సమాచారం ఉండదు. ఉండకపోవడం తప్పు కాదు, ఆ వయసువాళ్లను పట్టుకుని అడగమని నేను చెప్పను. కానీ 'ప్రభావం లేదు' అని రాయకండి, 'సమాచారం లేదు' అని రాయండి. ఈ రెండు మాటల మధ్య తేడా తెలిసిన మనిషి రాసిన అంచనాను చూడగానే గుర్తుపట్టవచ్చు.

లెక్కలు కావాలంటారు కదా. ఎంతమందికి సేవలందుతున్నాయి, అందులో నోరు విప్పింది ఎంతమంది అని రెండు వరసలు వేసి, ఆడ-మగ, తండా-ఊరు, కులం వారీగా పక్కపక్కన పెట్టండి. తండాల నుంచి ఫిర్యాదులు సున్నా వస్తే అది మంచి వార్త కాదు, అక్కడికి ముందు వెళ్లాలని అర్థం. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ ఉంటే అంకె బయట పెట్టకండి. చిన్న ఊళ్లో 'ట్రాన్స్‌జెండర్: 1' అని అచ్చువేశారంటే పేరు వేసినట్టే.

'తీసుకునే చర్యలు' అన్న చోట 'అవగాహన కల్పిస్తాం', 'సిబ్బందికి శిక్షణ ఇస్తాం' అని మాత్రం రాయకండి, దయచేసి. పత్రంలో పాత వాక్యం, పక్కన కొత్త వాక్యం, ఎవరు చేస్తారు, ఏ తేదీకి. అంతే. వాక్యం మారకపోతే ఎందుకు మార్చలేదో ఒక్క ముక్క రాయండి. అన్నీ మార్చలేరు. రాత్రి షిఫ్టుకు ఇంకో ఆయా కావాలంటే డబ్బు కావాలి, అది లేదని నిజాయితీగా రాస్తే వచ్చే ఏడాది అడగడానికి అదే ఆధారం అవుతుంది.

మీ కమిటీ సమావేశం ఎప్పుడో రాయలేదు. ఇంకా జరగకపోతే, పత్రం మీద 'ముసాయిదా' అని పెద్దగా రాయించి ఒక్క నెల గడువు అడగండి. జరిగిపోయి ఉంటే మళ్లీ తెరవమనండి, కొంచెం ముఖాలు మాడ్చుకుంటారు, పర్వాలేదు. ఆ నెలలో ఒక పదిహేను ఇళ్లు తిరిగితే చాలు, కానీ రోడ్డు పక్క ఇళ్లు కాకుండా ఊరి చివరివి ఎంచుకోండి. మధ్యాహ్నం పోకండి, కైకిలికి పోయినవాళ్లు ఉండరు, ఉన్న ముసలివాళ్లు పక్కింటివాళ్ల ముందు మాట్లాడరు. సాయంత్రం ఆరు తర్వాత పోండి. ఆ ఇంటికి రోజూ వెళ్లే ఆయాను వెంట తీసుకుపోకండి. ఫారం సంచిలోనే ఉంచి, ముందు 14 అంశాలూ నెమ్మదిగా చదివి వినిపించండి. వింటూ వింటూ వాళ్లు ఎక్కడ నవ్వారో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నా అనుభవంలో ఎక్కువమంది నవ్వేది '7 పనిదినాల్లో' అన్న చోట.